ఒక్క అక్షరపు మార్పు : ఆర్యవైశ్యులలో కోలినెస్టరేజు లోపము – దాని చరిత్ర

తెలుగుదేశము విడిచి అన్యభాషా ప్రాంతములలో స్థిరపడిన తెలుగువారి పూర్వచరిత్రను వ్రాయువారికి శాసనములు, దానపత్రములు, ఆలయముల లెక్కలు, ఇంటిపేర్లు, పెద్దల నోట వినవచ్చు కథలు ఆధారములగుచున్నవి. తాతముత్తాతల గ్రామమును మఱచిన కుటుంబములు సైతము గోత్రమును, ఇలవేల్పును మఱువలేదు. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ ఆధారములకు మఱియొకటి తోడయ్యెను. అది తాటాకుపై గాక మనుష్యుని జీవకణములయందు వ్రాయబడియున్న లిపి. దానిని డి.ఎన్.ఏ. అందురు. ఆ లిపిలో ఒకేయొక అక్షరము మారుటచేత ఒక ప్రోటీను స్వరూపము చెడిన వృత్తాంతము, ఆ మార్పు వలన కలుగు లోపము తెలుగుదేశమునందలి ఆర్యవైశ్యులలోను కోయంబత్తూరునందలి వారి జ్ఞాతులలోను కనుగొనబడిన క్రమము ఈ వ్యాసమునకు విషయములు. దినవ్యవహారమున ఈ లోపము ఎవరికిని బాధ కలిగింపదు. శస్త్రచికిత్సశాలలో మాత్రము, తెలియనిచో, ప్రాణముమీదికి తెచ్చును.

ఈ చరిత్ర ఒక మందుతో ప్రారంభమగును. సక్సినైల్‌కోలిన్ అను రసాయనమును 1906లో అమెరికా దేశమున హంట్, టావో అను నిరువురు శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. వారు పరీక్షకు తెచ్చిన జంతువులకు ముందుగనే క్యురారె అను విషమిచ్చి కండరములను స్తంభింపజేసియుండిరి. కావున ఈ క్రొత్త మందునకు కూడ ఆ గుణమే కలదను సంగతి వారి కంటబడలేదు. రక్తపుపోటుపై దాని ప్రభావమును మాత్రము గుర్తించి ఊరకుండిరి. దీపమున్న గదిలో మఱియొక దీపము వెలిగించి, వెలుగు దేనిదో తెలియక పోయినట్లయ్యెను. నలువది సంవత్సరములు గడచిన పిదప, 1949లో, డానియల్ బోవే ఆ గుణమును వెల్లడించెను. 1951 నాటికి మందు ఐరోపా వైద్యశాలలలో వాడుకకు వచ్చెను.

శస్త్రచికిత్సకు మత్తిచ్చునప్పుడు రోగి శ్వాసనాళమున గొట్టము దింపుటకు కండరములు సడలవలయును. ఈ మందును సూది ద్వారా ఎక్కించిన నిమిషములోనే కండరములన్నియు సడలును. ఊపిరి కూడ ఆగును. అంతవఱకు మత్తు వైద్యుడు చేతిసంచితోనో యంత్రముతోనో రోగికి గాలి నందించుచుండును. కొలది నిమిషములలో మందు బలము తీరి రోగి తనంత తాను ఊపిరి పీల్చుకొనును. ఇంత శీఘ్రముగ తీరిపోవుటకు హేతువు రక్తరసిలోని ఒక ఎంజైము. దానిని కాలేయము తయారుచేయును. నాటివారు దానిని సూడోకోలినెస్టరేజనిరి. నేడు బ్యూటిరైల్‌కోలినెస్టరేజు అని వ్యవహరింతురు. ఎక్కించిన మందులో అధికభాగము కండరములను చేరకముందే ఈ ఎంజైము దానిని ఛేదించివేయును.

మందు వాడుకలోనికి వచ్చిన ఒకటి రెండు సంవత్సరములకే ఇంగ్లండు వైద్యపత్రికలలో వింత వార్తలు వెలువడెను. కొందఱు రోగులు నిమిషములకు బదులు గంటలకొలది ఊపిరి పీల్చలేకపోయిరి. వారి రక్తమున కోలినెస్టరేజు పని మిక్కిలి స్వల్పముగ నుండెను. ఈ విషయమున శ్రద్ధ వహించినవారిలో హెర్మన్ లేమన్ అను పండితుడొకడు. ఈయన పేరు దక్షిణదేశమునకు క్రొత్తది కాదు. 1952లో నీలగిరుల గిరిజనులలో కొడవలి కణములను కనుగొన్నట్లు ప్రకటించిన ఇరువురిలో నొకడీయన. భారతదేశమున ఆ లక్షణమును గూర్చిన తొలి ప్రకటనలలో అది యొకటి. ఆ నీలగిరులకు దిగువనున్న కోయంబత్తూరే అర్ధశతాబ్దము పిదప కోలినెస్టరేజు చరిత్రలో ప్రసిద్ధి కెక్కుట కాకతాళీయమే యైనను గుర్తుంచుకొనదగినది. 1956లో లేమన్, రయన్ అనువారు ఎంజైము తక్కువగ నుండుట కుటుంబములలో తరతరములుగ వచ్చు లక్షణమని చూపిరి.

మఱుసటి సంవత్సరము, 1957లో, కెనడాలోని టొరాంటో నగరమున వెర్నర్ కాలో, జెనె అనువారు ఒక చక్కని పరీక్షను కల్పించిరి. డిబుకేను అను మందు సాధారణమైన ఎంజైము పనిని నూటికి సుమారు 80 పాళ్లు అణచును. వింతరకపు ఎంజైమును సుమారు 20 పాళ్లు మాత్రమే అణచగలదు. తల్లిదండ్రులలో ఒకరినుండి మంచి జన్యువును, వేఱొకరినుండి మారిన జన్యువును పొందినవారిలో ఆ సంఖ్య సుమారు 60. దీనివలన తేలినదేమనగా, వింత రోగులకు ఎంజైము లేకపోలేదు. ఉన్నది, కాని అది వేఱు రూపము తాల్చియున్నది. 1962లో లిడెల్, లేమన్, సిల్క్ అనువారు మఱియొక రకమును వర్ణించిరి. ఈ రకము జన్యువును ఇరువైపులనుండియు పొందినవారి రక్తమున ఎంజైము పని దాదాపు శూన్యము. దీనికి మౌనజన్యువని పేరు వచ్చెను.

ఈ రెండు వింతలకును లోతైన కారణము చెప్పుటకు నాటి శాస్త్రమునకు సాధనములు అప్పుడప్పుడే సమకూరుచుండెను. ఎక్సు కిరణములు తగిలిన ఈగలలో ఉత్పరివర్తనములు పెక్కు కలుగునని ముల్లర్ 1927లో చూపియుండెను. 1949లో లైనస్ పౌలింగ్, ఆయన సహచరులు కొడవలి కణవ్యాధిలో రక్తమునందలి హీమోగ్లోబిను అణువే వేఱుగ నున్నదని నిరూపించిరి. అది అణువునకు వచ్చిన వ్యాధియని వారనిరి. 1953లో వాట్సన్, క్రిక్ డి.ఎన్.ఏ. జంటసర్పిలరూపమును ప్రకటించిరి. 1956, 1957 సంవత్సరములలో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ హీమోగ్లోబినును ముక్కలు చేసి పరిశీలించి, తేడా యంతయు గ్లుటామిక్ ఆమ్లమున్న ఒక్క చోట వేలీను ఉండుటలోనే యున్నదని తేల్చెను. మిగిలిన గొలుసంతయు యథాతథముగనే యుండెను. జన్యువులో మార్పు ప్రోటీనులో ఏ చోట కనబడునో వ్రేలుపెట్టి చూపిన మొదటి సందర్భమిది. 1961 మొదలు నైరెన్‌బర్గ్, హరగోవింద ఖొరానా మొదలగువారి కృషివలన లిపి యంతయు చదువ వీలయ్యెను. వారికిని హోలీకిని 1968లో నోబెల్ బహుమానము కలిసి లభించెను.

ఆ లిపి పద్ధతి తెలుగువారికి సులభముగ బోధపడునట్టిదే. అడెనిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్ అని అక్షరములు నాలుగే. మూడేసి అక్షరములు కలిసి ఒక మాట. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క అమైనో ఆమ్లము అర్థము. మాటల నడుమ ఎడములేదు. 'వలస' యను మాటలో నడిమి అక్షరము మాఱిన 'వరస' యగును. మాటయే, కాని అర్థము వేఱు. ఉత్పరివర్తనములలో నొక రకమిట్టిది. కొన్ని మార్పులు అర్థమును మార్చవు. ఒకే అమైనో ఆమ్లమునకు పర్యాయపదములు పెక్కు గలవు గనుక అట్టి మార్పులు గుట్టుగా సాగిపోవును. మఱికొన్ని అర్ధాంతరముగ వాక్యమును ముగించు గుర్తును తెచ్చిపెట్టును. అన్నింటిలోను ఘోరమైనది అక్షరము అదనముగ చొరబడుట. 'పడవ నడక మరల' అనుదానిలో మొదటి అక్షరము వెనుక ఒక 'క'కారము దూరినచో 'పకడ వనడ కమర' అని చదువవలసివచ్చును. ఒక్క మాట కాదు, అచ్చటినుండి వాక్యమంతయు చెడును.

అమైనో ఆమ్లములు గొలుసుగా కూడినంతమాత్రమున ప్రోటీను పని చేయదు. ఆ గొలుసు తనంత తాను ముడుచుకొని, మడతలుపడి, ఒక నిర్దిష్టమైన ఆకృతిని పొందవలయును. ఆకృతియే దాని పని. ఏ మడత సాధ్యము, ఏది అసాధ్యము అను ప్రశ్నకు మదరాసు విశ్వవిద్యాలయమున జి. ఎన్. రామచంద్రన్ గారును, రామకృష్ణన్, శశిశేఖరన్ గారలును 1963లో ప్రకటించిన పటము నేటికిని ప్రమాణము. గొలుసులోని ఒక్కొక్క కణుపు వద్ద రెండు కోణములుండును; పరమాణువులు ఒకదానినొకటి ఒరయకుండ ఆ కోణములు తిరుగుటకు వీలగు మేరలను వారు గీచి చూపిరి. అమైనో ఆమ్లములలో ప్రోలీను కడు మొండిది. దాని పార్శ్వశాఖ వెనుకకు వంగి వెన్నెముకకే అతుకుకొనియుండును. కావున అది ఇతరములవలె తిరుగజాలదు. తక్కినవి పొరుగు కణుపులతో కలుపు ఉదజని బంధమును కూడ ఇది యీయజాలదు. ఉచితస్థానమున ప్రోలీను గొలుసునకు మంచి మలుపునిచ్చును. అనుచితస్థానమున పడినదా, నేతలో కఱ్ఱముక్క చిక్కినట్లు మడతనే చెఱచును.

ఈ వెలుగులో బ్యూటిరైల్‌కోలినెస్టరేజును చూడవలయును. 1987లో ఒక్సానా లాక్‌రిడ్జ్, ఆమె సహచరులు ఈ ప్రోటీను గొలుసును పూర్తిగా చదివిరి. అందు 574 అమైనో ఆమ్లములు గలవు. రక్తములో సాధారణముగ నాలుగు గొలుసులు కలిసి ఒక అణువగును. జన్యువు మూడవ క్రోమోసోముపై నున్నది. 2003లో ప్రకటింపబడిన స్ఫటికచిత్రమున దీని ఆకృతి స్పష్టమయ్యెను. అణువు నడుమ లోతైన లోయ యొకటి కలదు. ఛేదించు స్థానము ఆ లోయ అడుగున నున్నది. మందు అణువు లోయముఖమున ప్రవేశించి క్రిందికి జాఱి అచ్చట తెగును.

ఇక కాలో కనుగొన్న వింతరకము సంగతి. 1989లో దాని కారణము తెలిసెను. 70వ స్థానమున ఆస్పార్టిక్ ఆమ్లమునకు బదులు గ్లైసీను వచ్చియుండెను. ఈ 70వ స్థానము లోయముఖమున నున్నది. ఆస్పార్టిక్ ఆమ్లమునకు ఋణవిద్యుదావేశము కలదు, సక్సినైల్‌కోలిన్‌కు ధనావేశము. ద్వారపాలకుడు చేయిచాచి అతిథిని లోనికి పిలుచునట్లు ఆ ఋణావేశము మందును ఆకర్షించును. గ్లైసీనుకు ఏ ఆవేశమును లేదు. ఇల్లు చెక్కుచెదరలేదు, లోని గదియు బాగుగనే యున్నది, పిలుచువాడు మాత్రము లేడు. మరుసటి యేడు, 1990లో, ఒక మౌనజన్యువు రహస్యము బయటపడెను. 117వ మాటలో ఒక అక్షరము అదనముగ చొరబడెను. పైన చెప్పిన 'పకడ వనడ' రీతిగ గొలుసు దారితప్పి 129వ మాట వద్దనే ముగిసిపోయెను. 574లో పూర్తి గొలుసు నాలుగవ వంతైనను తయారగుటలేదు. ఒకే జన్యువున ఒకచోట అక్షరము మాఱిన పని కొంచెము తగ్గుట, వేఱొకచోట అక్షరము చేరిన ప్రోటీనే లేకపోవుట ఇట్లు తెలియవచ్చినవి.

మౌనజన్యువు పాశ్చాత్యదేశములలో కడు అరుదు. ఇరువైపులనుండియు దానిని పొందినవారు లక్షమందిలో ఒకరుందురని లెక్క. 1979లో పి. ఆర్. రావు, బి. కె. గోపాలం గారలు ఆంధ్రప్రదేశమునందలి వైశ్యులలో ఈ మౌనజన్యువు అసాధారణముగ ఎక్కువగ నున్నదని జన్యుశాస్త్ర పత్రికలో ప్రకటించిరి. అది అక్షరములు చదువుటకు వీలులేని కాలము. రక్తరసిలో ఎంజైము పని కొలుచుటయే పరీక్ష. కావున లోపమున్నదని తెలిసెను గాని లోపమేదియో తెలియలేదు.

మిగిలిన కథ తమిళనాట జరిగెను. వర్తకము నిమిత్తము తరతరములుగ దక్షిణమునకు తరలిన ఆర్యవైశ్యులు మదరాసులో కొత్వాలు చావడిని, కన్యకాపరమేశ్వరీ దేవస్థానమును తమ జీవనమునకు కేంద్రములుగ చేసికొనిరి; కొంగునాట కోయంబత్తూరులోను నిలిచిరి. ఆ నగరమందలి భారతియార్ విశ్వవిద్యాలయమున ఆర్. భూపతి గారును, ఐ. మనోహరన్ గారును లాక్‌రిడ్జ్ మొదలగు విదేశ పండితులతో కలిసి 2006లో ప్రకటించిన పరిశోధనలో, కోయంబత్తూరు వైశ్యులలో ప్రతి 24 మందిలో ఒకరు ఇరువైపులనుండియు మౌనజన్యువు పొందినవారని తేలెను. పాశ్చాత్యుల లెక్కకు ఇది సుమారు 4,000 రెట్లు. వారి జన్యువులను చదువగా 307వ మాటలో నడిమి అక్షరమైన థైమిన్ స్థానమున సైటోసిన్ కనబడెను. తత్ఫలితముగ లూసీను ఉండవలసిన చోట ప్రోలీను చేరెను.

లూసీను, ప్రోలీను రెండును చూచుటకు పెద్ద తేడాలేని చిన్న అణువులు. రెండింటికిని విద్యుదావేశము లేదు. లోయముఖమున జరిగినట్లు పిలుచువాడు పోవుట కాదిది. ఇంటి దూలమే వంగుట. లూసీను ప్రోటీను లోపలి పొరలలో నీటికి దూరముగ ఒదిగియుండు స్వభావము గలది. అట్టి దాని చోటికి తిరుగుడులేని ప్రోలీను వచ్చుటచేత గొలుసు సరిగా మడతపడక అణువు నిలుకడ కోల్పోవును. వంకరగ ముడుచుకొన్న ప్రోటీనులను జీవకణము తానే గుర్తించి నాశనము చేయుట ప్రకృతినియమము. రక్తరసిలో పని దాదాపు శూన్యముగ కనబడుటకు కారణమిది.

24లో ఒకటి యను సంఖ్యను యావత్సంఘమునకు అన్వయించుట తగదు. అది ఒక పట్టణమునందలి చిన్న నమూనా. ఆ నమూనాకు సామాన్య గణితమును వర్తింపజేసినచో ప్రతి ముగ్గురిలో ఒకరు ఒకవైపునుండి మాత్రమే మారిన జన్యువు పొందినవారగుదురు. విశాలమైన దృష్టితో వ్రాసిన 2017 నాటి పరిశోధనలో ఈ లోపము ఇతరులలోకంటె ఆర్యవైశ్యులలో సుమారు నూఱురెట్లు ఎక్కువయని మాత్రమే చెప్పబడెను. నూఱుకును నాలుగువేలకును గల అంతరమును చూచిన, సంఖ్యలను పట్టుకొని ఒక కులమును గూర్చి తొందరపడి మాటలాడువారు కొంత తగ్గవలసియుండును.

ఇంత అరుదైన అక్షరము ఒక్క సంఘమున ఎట్లు పేరుకొనెను? ఈ ప్రశ్నకు 2009లో సమాధానము లభించెను. హైదరాబాదు సి.సి.ఎం.బి.కి చెందిన తంగరాజ్, లాల్జీసింగ్ గారలును అమెరికాలోని డేవిడ్ రైకును కలిసి 25 భారతీయ సముదాయములకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించిరి. ఆంధ్ర వైశ్యులు వందకు పైగా తరముల క్రిందట కొలదిమంది పూర్వికులనుండి విస్తరిల్లినవారని, నాటినుండి అన్యులతో వివాహసంబంధము మిక్కిలి స్వల్పమని అందు తేలెను. తరమునకు 25 సంవత్సరముల చొప్పున ఇది 2,500 సంవత్సరములమాట. ఆ కొలదిమందిలో ఏ ఒక్కరియందైనను ఒక అక్షరము మాఱియున్నచో, సంఘము లక్షలకు పెరిగినప్పుడు ఆ అక్షరమును దానితోపాటు పెరుగును. మేలుకీడులతో దీనికి ప్రమేయములేదు. తక్కువమందితో ఆరంభమైన లెక్కలో యాదృచ్ఛికముగ జరుగునదే యిది.

ఇచ్చట పెనుగొండ కథ స్ఫురించుట సహజము. 714 గోత్రములవారిలో 102 గోత్రములవారు మాత్రమే వాసవీకన్యకతో అగ్నిప్రవేశము చేసిరని, నేటి ఆర్యవైశ్యులు ఆ 102 గోత్రములవారి సంతతియని సంప్రదాయము. కొలదిమంది నుండి సంఘము పుట్టెనను భావము రెంటను కలదు. కాని పెనుగొండ కథను మధ్యయుగమునకు చెందినదిగ చెప్పుదురు. జన్యువులు చూపు కాలము అంతకంటె ఎంతయో పూర్వము. ఒకదానిని వేఱొకదానికి సాక్ష్యముగ నిలుపుట చరిత్రకును మేలు కాదు, భక్తికిని మేలు కాదు.

సగోత్రవివాహము నిషిద్ధమైనప్పుడు ఇట్టి దోషమెట్లు నిలిచెనను సందేహమునకు సమాధానము స్పష్టము. గోత్రము కొలది తరముల దగ్గరి బంధుత్వమును వారించును గాని, వంద తరములకు పూర్వపు పూర్వికునినుండి వచ్చిన అక్షరమును వారింపజాలదు. వేఱు వేఱు గోత్రముల వధూవరులిరువురును దానిని మోయుచుండవచ్చును. మేనరికము చేసికొననివారికిని ఇది వర్తించును. మఱియు ఇది ఆర్యవైశ్యులకు మాత్రమే కలిగిన వింత కాదు. 2017 నాటి పరిశోధనలో పరిశీలించిన 260కి పైగా సముదాయములలో 81 సముదాయములు, ఐరోపాలో ఇట్టి లక్షణమునకు ప్రసిద్ధులైన ఫిన్లండువారికంటెను అష్కెనాజీ యూదులకంటెను ఎక్కువగ ఈ రీతిగ కుదించుకొనిపోయి విస్తరించినవే.

ఈ ఎంజైము లేనివారు సామాన్యులవలెనే పెరిగి వృద్ధులగుదురు. నరములనుండి కండరములకు ఆజ్ఞలు చేరునప్పుడు అవసరమగు పని అసిటైల్‌కోలినెస్టరేజు అను వేఱొక ఎంజైము నిర్వహించును. దాని జన్యువు వేఱు. కావున దీనిని రోగమనుట కూడ ఉచితముగ తోపదు. వరుని లెక్కలలోనో వధువు లెక్కలలోనో దీనిని చేర్చుట అర్థరహితము. జాగ్రత్త పడవలసిన తావులు రెండే. మొదటిది మత్తు. సక్సినైల్‌కోలిన్, దానివలెనే తెగు మైవాక్యూరియం అను మందు ఇట్టివారికి గంటలకొలది నిలిచిపోవును. పొరబాటున ఇచ్చినను, ఆ సంగతి గుర్తించి మందు తీరువఱకు యంత్రముతో ఊపిరి నిలిపినచో ప్రాణాపాయముండదు. గుర్తింపక గొట్టము తీసివేయుటలోనే అపాయమున్నది. రెండవది పురుగుమందుల విషము. ఆర్గానోఫాస్ఫేటు మందులు లోనికి పోయినవారి రక్తమున కోలినెస్టరేజు తగ్గును గనుక వైద్యులు ఆ పరీక్ష చేయింతురు. పుట్టుకనుండి ఎంజైములేని వానికి ఆ పరీక్ష చేసిన, విషము మ్రింగనివానిని సైతము మ్రింగినట్లు చూపును.

రక్తరసిలో కోలినెస్టరేజు కొలుచు పరీక్ష పెద్ద వైద్యశాలలలో లభించును. శస్త్రచికిత్సకు ముందు మత్తు వైద్యునితో తాము ఆర్యవైశ్యులమని, లేదా ఇంటిలో ఎవరికైనను మత్తు తరువాత ఊపిరి ఆలస్యముగ వచ్చినదని చెప్పినచో, ఈ ఎంజైముతో పనిలేని రోక్యురోనియం వంటి మందును వాడుదురు. దాని బలమును విఱుచుటకు సుగమ్మడెక్సు అను వేఱొక మందు కలదు. ఒకరియందు లోపము తేలినప్పుడు తోడబుట్టినవారిని కూడ పరీక్షింపవలయును. తల్లిదండ్రులిరువురును ఒక్కొక్క మారిన జన్యువును మోయుచున్న యింట, ప్రతి బిడ్డకును నాలుగింట ఒకపాలు అదే లోపము కలుగుటకు అవకాశము గలదు.